మయస్థీనియా ఉన్న నా భార్యకు వైద్యుణ్ణి మార్చాలా?

ప్రశ్న

నా భార్యకు మయస్థీనియా గ్రేవిస్ (వాడుతున్నకొద్దీ కండరాలు బలం కోల్పోయే జబ్బు) ఉన్నట్టు నిర్ధారణ అయింది. రక్తపరీక్షలో ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీలు, అంటే నరం నుంచి కండరానికి సంకేతం అందే చోటును దెబ్బతీసే ప్రతిరక్షకాలు, కనిపించాయి. ఉదయం పూట చూసినవారెవరూ ఆమెకు జబ్బు ఉందంటే నమ్మరు. సాయంత్రానికి మాత్రం ఎడమ కనురెప్ప వాలిపోతుంది, ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తారు, రాత్రి భోజనం సగంలో ఉండగానే దవడ అలసిపోయి, గడ్డం కింద చెయ్యి ఆనించుకుని నమలవలసి వస్తుంది. ఇంటికి దగ్గర్లో ఉన్న న్యూరాలజిస్టు ఆ సంకేతాన్ని బలపరిచే పైరిడోస్టిగ్మైన్ మాత్రలతో పాటు తక్కువ మోతాదులో ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తున్నారు. ఆయన ఓపికగా వింటారు, ఫోన్ చేస్తే పలుకుతారు. అయితే ఆయన దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది పక్షవాతం, మూర్ఛ, తలనొప్పి ఉన్నవారే. ఛాతీలో ఉండే, రోగనిరోధక వ్యవస్థకు చెందిన థైమస్ గ్రంథి తీయించాలా అని అడిగితే ‘చూద్దాం’ అంటున్నారు. నరాలు, కండరాల జబ్బులనే ప్రత్యేకంగా చూసే క్లినిక్ ఒకటి చాలా దూరంలో ఉంది. అక్కడి వైద్యులకు మంచి పేరుంది గానీ, అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమని విన్నాను. వైద్యుణ్ణి మార్చే ముందు నేను ఏమేమి చూసుకోవాలి? ప్రయాణమంటేనే ఆమెకు నీరసం వస్తోంది కాబట్టి, ఊరికే తిప్పడం నాకు ఇష్టం లేదు.

మొదటి సమాధానం

మా వారికి ఇదే జబ్బు ఉంది. ఉన్న వైద్యుణ్ణి వదిలేస్తేనే నిపుణుడి దగ్గరికి వెళ్ళగలమని అనుకోకండి. రోజువారీ మాత్రల మోతాదు చూడడానికి మీ దగ్గరి డాక్టరు గారు చాలు. థైమస్ శస్త్రచికిత్స చేయించాలా వద్దా, స్టెరాయిడ్ తగ్గించడానికి తోడుగా ఏ మందు మొదలుపెట్టాలి అనే నిర్ణయాల దగ్గర మాత్రం, ఈ జబ్బును తరచుగా చూసేవారి మాట అవసరం. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ వంటి మందు పూర్తిగా పనిచేయడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. అంతకాలం రక్తపరీక్షలు ఎవరు చూస్తారు, గుణం కనిపించకపోతే తరువాత ఏం చేస్తారు అని ముందే అడగండి. ‘ఇది పనిచేయకపోతే అది’ అని వరుస చెప్పగలిగినవారికి ఈ జబ్బుతో పరిచయం ఉన్నట్టే.

పరీక్షించే తీరు కూడా గమనించండి. మా వారిని మొదట చూసినవారు మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, చెయ్యి ఒకసారి నొక్కి చూసి, బలం బాగానే ఉందన్నారు. తరువాత చూసిన నిపుణురాలు ఫైలు తెరవకముందే, రెప్ప వాల్చకుండా పైకప్పు వైపు చూస్తూ ఉండమన్నారు. కాసేపటికి రెప్ప దానంతట అదే దిగిపోయింది. ఆ తరువాత చేతులు చాచి ఉంచమన్నారు, పడుకుని తల పైకెత్తమన్నారు, ఒక్క ఊపిరిలో అంకెలు ఎంతవరకు లెక్కపెట్టగలరో చూశారు. ఒకసారి చూపే బలం కన్నా వాడుతున్నకొద్దీ తగ్గే బలమే ఈ జబ్బును పట్టిస్తుంది.

థైమస్ గురించి ‘చూద్దాం’ అనే మాటతో సరిపెట్టుకోకండి. ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు 10 నుంచి 15 శాతం మందికి ఆ గ్రంథిలో కణితి ఉంటుంది కాబట్టి, ఛాతీ స్కాన్ తప్పనిసరి. కణితి లేకపోయినా, మీ శ్రీమతి లాగా ఆ యాంటీబాడీలు ఉండి, జబ్బు కళ్ళు దాటి వ్యాపించినవారిలో గ్రంథిని తీసివేస్తే లక్షణాలు తగ్గుతాయనీ, స్టెరాయిడ్ అవసరం కూడా తగ్గుతుందనీ 2016లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. 65 ఏళ్ళ లోపు ఉండి, జబ్బు వచ్చి ఐదేళ్ళు దాటనివారిని అందులో చేర్చుకున్నారు.

రెండవ సమాధానం

నేను నరాల పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నరానికి సెకనుకు రెండు మూడు సార్లు చొప్పున విద్యుత్ ప్రేరణ ఇచ్చినప్పుడు కండరం స్పందన 10 శాతానికి మించి తగ్గితే, లక్షణాలతో కలిపి చూసి, జబ్బుకు ఆధారంగా తీసుకుంటాం. అయితే లక్షణాలు ఉండి, ఈ యాంటీబాడీలు స్పష్టంగా దొరికిన తరువాత నిర్ధారణ కోసం ఆ పరీక్ష మళ్ళీ అవసరం పడడం అరుదు. కొత్త వైద్యులు పరీక్షలన్నీ మొదటి నుంచి చేయించాలంటే, దానివల్ల చికిత్సలో ఏం మారుతుందని మర్యాదగానే అడగండి. సూటిగా జవాబు వస్తే చేయించండి.

మూడవ సమాధానం

పై మాటలతో నాకు పేచీ లేదు గానీ, దగ్గరి వైద్యుణ్ణి తక్కువగా అంచనా వేస్తున్నారేమో అనిపించింది. ప్రెడ్నిసోలోన్ ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో మొదలుపెడితే, తొలి వారాల్లో బలహీనత పెరిగే ప్రమాదం ఉంది. తక్కువతో మొదలుపెట్టడం ఆయన జాగ్రత్తనే చూపుతోంది. ఈ జబ్బులో అన్నిటికన్నా భయపడవలసింది ఊపిరి కండరాలు అలసిపోవడం. అది అర్ధరాత్రి వస్తే, ఎంత పేరున్నా దూరాన ఉన్న నిపుణుడు చేయగలిగింది తక్కువ. వెంటిలేటర్, ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిరలోకి ఎక్కించే ప్రతిరక్షకాలు) లేదా ప్లాస్మా మార్పిడి (రక్తంలోంచి హాని చేసే యాంటీబాడీలను తీసేయడం) సౌకర్యం ఉన్న ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో, మీ డాక్టరు గారికి అక్కడ ప్రవేశం ఉందో లేదో ముందు తెలుసుకోండి. మింగడం కష్టమైనా, పడుకుంటే ఆయాసం వచ్చినా తెల్లవారే దాకా ఆగకండి.

మందుల సంగతి మరొకటి. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్, సిరలోకి ఇచ్చే మెగ్నీషియం, బీపీకి వాడే కొన్ని బీటా బ్లాకర్లు ఈ జబ్బును ముదిరేలా చేయగలవు. జ్వరానికో పంటినొప్పికో వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు చూపించడానికి ఆ జాబితా ఆమె పర్సులో ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మా డాక్టరు గారినే ఆ క్లినిక్‌కు లేఖ రాసి ఇవ్వమని అడుగుతాను. ఆమె ఉదయం బాగానే ఉంటుంది కదా, అక్కడ పరీక్షించే రోజున జబ్బు బయటపడేలా ముందుగా పైరిడోస్టిగ్మైన్ మాత్ర మానేయాలా?

మొదటి సమాధానం రాసినవారు

మీ అంతట మీరు మానేయవద్దు, మింగడంలో ఇబ్బంది రావచ్చు. మానాలో వద్దో ఆ క్లినిక్‌నే ముందుగా అడగండి. వీలైతే మధ్యాహ్నం తరువాతి సమయం తీసుకోండి. రెప్ప వాలినప్పుడు, భోజనం చేస్తున్నప్పుడు ఫోన్‌లో చిన్న వీడియోలు తీసి, మాత్ర వేసుకున్న వేళ, వీడియో తీసిన వేళ పక్కనే రాసి పెట్టండి. మా వారి విషయంలో ఆ నిపుణురాలు ఫైలులోని కాగితాల కన్నా వాటినే ఎక్కువసేపు చూశారు.