సమస్య: "తిట్టుకొన్నవారె గట్టి జట్టు" (బాలమురళి అభిమానుల పూరణలు)

సంచాలకుడు:
జూలై 6 వస్తోంది. కర్ణాటక సంగీత గాయకులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930లో శంకరగుప్తంలో పుట్టిన రోజు. ఏటా ఈ వారం మనం ఆయన పాటలు వింటూ మెత్తబడిపోవాలి. ఈసారి మాత్రం ఆయన సృష్టించిన మహతి అసలు రాగమా కాదా అని మొదలుపెట్టి, చివరికి ఎవరి ఇంట్లో ఫిల్టర్ కాఫీ పలచన అనేదాకా వెళ్ళారు. ఆ పోట్లాట చదువుతుంటేనే సమస్య తట్టింది.

తిట్టుకొన్నవారె గట్టి జట్టు

ఆటవెలది చివరి పాదం, ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు గాని, మూడు లఘువులు గాని). యతికి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడానికి) బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి వేశాను (తిట్టు, గట్టి). ముందు మూడు పాదాలూ మీవి. ఆ పూరణలో బాలమురళి గానీ, ఆయన కోసం కొట్టుకునే మనం గానీ ఉండాలి. వ్యక్తుల మీద విసుర్లు వద్దు, కాఫీ మీద అయితే అభ్యంతరం లేదు.

తంబూరా తాత:
ఇది సమస్యా, సామెతా? సమస్య అంటే అసంభవంగా, వింటే ఉలిక్కిపడేలా ఉండాలి. మీరిచ్చింది వింటే ఔనని తల ఊపాలనిపిస్తోంది.

సంచాలకుడు:
తల ఊపడం అలవాటైన రసికులు కదా అని ఇచ్చాను తాతగారూ. తేలిగ్గా కనిపించేదే చేతికి దొరక్క జారిపోతుంది, చూడండి.

బెజవాడ బండి:
గొడవ మొదలెట్టింది నేనే కాబట్టి మొదటి పూరణా నాదే.

మహతి రాగ మనుచు మామ మురియగాను
"నాల్గు మెట్ల మేడ!" నవ్వె బావ
కయ్య మాగలేదు, కాఫీలు రెండాయె
తిట్టుకొన్నవారె గట్టి జట్టు!

లవంగి:
బండీ, రెండో పాదానికి దండం. మహతికి ఉన్నవి స, గ, ప, ని, ఆ నాలుగే. నాలుగు మెట్లతో మేడ ఏమిటని నవ్వినవాడిదీ న్యాయమే, ఆ మేడ ఎక్కి ఊరంతా చూపించిన బాలమురళిదీ న్యాయమే.

తంబూరా తాత:
ఆ పాదంలో ఇంకో చమత్కారం ఉంది, బండికి తెలిసి వేశాడో తెలియక వేశాడో. వీణ మీద స్వరస్థానాలను మెట్లనే అంటాం, 24 మెట్లు. మహతి మీద అప్పట్లో గట్టిగా అభ్యంతరం చెప్పినవారు వీణ ఎస్. బాలచందర్. ఆయన వైణికుడు, కాబట్టి మెట్ల లెక్క అడగడం ఆయన హక్కు! ఐదు స్వరాలైనా లేకపోతే రాగం ఎలా అవుతుందన్నది సంప్రదాయవాదుల పట్టు. బాలమురళి ఊరుకున్నారా? నాలుగుతో లవంగి, మూడే స్వరాలతో సర్వశ్రీ, ఓంకారి, గణపతి అంటూ పోయారు. ఎదుటివారు ఒక మెట్టు అడిగితే ఈయన ఉన్న మెట్టు తీసేశారు.

ఛందస్సులో దోషం లేదు. "కయ్యము ఆగలేదు" అన్నది "కయ్య మాగలేదు" అయింది, బాగుంది. "మురియగాను" చివరి "ను" మాత్రం గణం కోసం తెచ్చిన కిరాయి మనిషి.

బెజవాడ బండి:
తెలిసే వేశాను తాతగారూ. (తెలియదు. కానీ ఇప్పుడు తెలిసింది కదా, ఇక నాదే.) మహతి రాగం కాదనేవాళ్ళకి ఒక్క మాట. 1975లో ఎం.ఎస్. విశ్వనాథన్ దాన్ని తమిళ సినిమా పాటలోకి తెచ్చారు, ఏసుదాస్ పాడారు. జనం పెదాల మీదకి ఎక్కాక శాస్త్రం ఒప్పుకుంటే ఎంత, ఒప్పుకోకపోతే ఎంత?

తంబూరా తాత:
జనం పెదాల మీద ఈల కూడా ఉంటుంది. దానికీ లక్షణం రాయమంటావా?

సంచాలకుడు:
మళ్ళీ మొదలు. తర్వాతి పూరణ!

లవంగి:
ఇదిగో, పాదాన్ని కొంచెం విరిచాను.

అర్ధరాత్రి దాక ఆలించి తిల్లాన
ఇల్లు చేరినంత నింతి లేచె
ఎవరి యింటనైన నిదె పాట వినిపించె
తిట్టు కొన్నవారె గట్టి జట్టు!

బెజవాడ బండి:
అక్కా! "తిట్టు" వేరు, "కొన్న" వేరు! టికెట్టు కొని, తిట్టు కూడా కొనితెచ్చుకున్నారన్నమాట. మా జట్టు మొత్తానికి ఇదే జీవితచరిత్ర.

తంబూరా తాత:
విరుపు దివ్యంగా ఉంది. మూడో పాదంలో "ఇదె పాట" అన్నది కచేరీకీ, ఇంట్లో చీవాట్లకీ సరిపోయింది. ఇక దోషాలు. మొదటి పాదంలో "దాక ఆలించి" విసంధి, రెండు అచ్చులూ పక్కపక్కన ఎదురుబొదురుగా కూర్చున్నాయి. "అర్ధరాత్రి వరకు నాలించి తిల్లాన" అంటే సంధి కుదురుతుంది, యతీ చెడదు. ఇంకో సందేహం. అర్ధరాత్రి దాకా తిల్లానా ఒక్కటే విన్నారా? అది కచేరీ చివర్లో, మంగళానికి ముందు కదా వచ్చేది.

లవంగి:
సవరణ తీసుకున్నాను తాతగారూ. తిల్లానా సంగతి అంటారా, ఆయన కదనకుతూహలం రాగంలో కట్టింది వింటూ ఒక్కసారితో లేచి వెళ్ళేవాళ్ళు ఎవరో చూపించండి. "ఇంకోసారి" అనే గొంతు హాల్లో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఆ గొంతు మా ఆయనది.

బెజవాడ బండి:
మరి పద్యంలో లేచిన ఇంతి ఎవరక్కా?

లవంగి:
నేనే. తలుపు తీసేది, తిట్లు పెట్టేది, మర్నాడు ఏమేం పాడారని దగ్గర కూర్చుని అడిగేది, అన్నీ నేనే.

రాజోలు రేవు:
మాది శంకరగుప్తానికి దగ్గర. ఊరి పక్కవాణ్ణి పూరించకపోతే గోదారి ఒప్పుకోదు.

రామదాసు తిట్టె రాముని జైలులో
మురళి గొంతులోన మోగె నదియె
బాకి తీర్చి వచ్చి పక్కన నిలిచెను
తిట్టుకొన్నవారె గట్టి జట్టు!

తంబూరా తాత:
భావం పెద్దది. రామదాసు కీర్తనలు మా ఇళ్ళలోకి వచ్చింది బాలమురళి గొంతుతోనే. విజయవాడ రేడియోలో పొద్దున్నే భక్తిరంజని వింటూ పెరిగినవాళ్ళకి ఆ నిష్ఠూరాలు దేవుడి మీదవని తర్వాతెప్పుడో తెలిసేది, ముందు రాగమే ఎక్కేది. కాని నాయనా, మూడో పాదానికి కర్త ఎవరు? రెండో పాదం మురళితో ముగిసింది. వెంటనే "బాకి తీర్చి వచ్చి" అంటే తానీషాకి సొమ్ము కట్టింది బాలమురళి అని అర్థం వస్తోంది.

బెజవాడ బండి:
ఆయన కడితే కట్టి ఉండవచ్చు. మూడు స్వరాలతో రాగం కట్టినవారికి బాకీ కట్టడం ఓ లెక్కా?

లవంగి:
నాది ఇంకో అభ్యంతరం. "తిట్టుకొన్న" అంటే ఇద్దరూ ఒకరినొకరు. రామదాసు తిట్టాడు సరే, రాముడు తిరిగి ఒక్క మాటైనా అన్నాడా? ఏకపక్షపు తిట్టును జట్టు అనలేం.

రాజోలు రేవు:
పన్నెండేళ్ళు పలకకుండా కూర్చోవడం తిట్టు కాదా అక్కా? మా ఇంట్లో అయితే అదే పెద్ద తిట్టు.

సంచాలకుడు:
ఈ జవాబు పద్యం కన్నా బాగుంది. "జైలులో" బదులు "చెరనుండి" అన్నా గణాలు సరిపోతాయి, కాని నాకు జైలే నచ్చింది. గోదారి యాస ఉన్నచోట గ్రాంథికం ఎందుకు?

మైలాపూరు మరదలు:
నలభై ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళం, మాకూ ఓ వాటా ఇవ్వండి.

"కోనసీమ వాడు, గోదారి మా సొత్తు!"
"చెన్నపురిని సగము జీవితమ్ము!"
పంపకాల పోరు! పాట లిద్దరి వాయె
తిట్టుకొన్నవారె గట్టి జట్టు!

రాజోలు రేవు:
సొత్తు మాదే, సందేహం లేదు. మీకు ఇచ్చింది అద్దెకి.

మైలాపూరు మరదలు:
అద్దెకి వచ్చినవారికే 1978లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది మా మద్రాసు!

బెజవాడ బండి:
మధ్యలో మా ఊరిని ఎగరగొట్టేశారేంటండీ? పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకున్నదీ, ఎనిమిదేళ్ళ వయసులో కచేరీ చేసిందీ బెజవాడలో. మురళీకృష్ణ ముందు "బాల" చేర్చింది హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్. ఆ బాల ఎనభై ఆరేళ్ళు వచ్చినా ఊడలేదు. కోనసీమ పుట్టించింది, మద్రాసు సన్మానించింది, తయారుచేసింది మేము.

మైలాపూరు మరదలు:
1988లో దేశమంతా కలిసి పాడిన దూరదర్శన్ పాట "మిలే సుర్ మేరా తుమ్హారా"లో ఆయన నోట వచ్చింది మాత్రం తమిళం. సముద్రపు ఒడ్డున, ఎంత హాయిగా!

తంబూరా తాత:
ఆ గాయం ఇప్పుడెందుకమ్మా కెలుకుతావు. పద్యం నిర్దోషం. మొదటి రెండు పాదాలూ ఇద్దరి నోటి మాటలుగా నడపడం నాకు అన్నింటికన్నా నచ్చింది, మనుషులు ఎదురుగా కనిపిస్తున్నారు. "సగము" అన్నది మాత్రం మొహమాటం, సగానికి పైనే అక్కడ ఉన్నారు.

కొత్తబియ్యం:
అందరికీ నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదలు. టెన్షన్‌గా ఉంది.

డిసెంబరు చలిలో మద్రాసు వెళ్ళగా
సీటు కోసం మనం పోట్లాడుకొంటిమి
పాట మొదలు కాగ పంచుకొంటిమి కుర్చి
తిట్టుకొన్నవారె గట్టి జట్టు!

తంబూరా తాత:
బాబూ, "డిసెం" అంటే లఘువు, గురువు. సూర్యగణం గలమో నగణమో కావాలి, ఇది రెండూ కాదు. గుమ్మంలోనే కాలు మడతపడింది. రెండో పాదంలో "కోసం" రెండూ గురువులే, "మనం" వచ్చి ఇంకా పాడుచేసింది. "సీ"కి "పో" యతి మైత్రి లేదు, పైగా చివర్లో గణాలు ఎక్కువైపోయాయి. ఇంత చేసి మూడో పాదం మాత్రం ఒక్క దోషం లేకుండా ఎలా రాశావు?

కొత్తబియ్యం:
తెలియదండీ. నిజంగా జరిగింది అదే.

తంబూరా తాత:
జరిగింది జరిగినట్టు చెప్పినచోట గణాలే వచ్చి కూర్చున్నాయి, చూశావా. మిగతావి ఇలా దిద్దుకో.

మార్గశిరపు చలిని మద్రాసు కేగంగ
సీటు కొరకు పోరు చేసినాము

మైలాపూరు మరదలు:
ఛందస్సు సరే తాతగారూ, మద్రాసులో మార్గశిరపు చలి ఎక్కడిది? డిసెంబరులో కూడా విసనకర్ర పట్టుకునే కచేరీకి వెళతాం.

తంబూరా తాత:
యతి కోసం కాస్త చలి భరించండమ్మా. ఇక నా వంతు. బాలమురళి వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) కూడా కచేరీ స్థాయిలో వాయించేవారని కొత్తవాళ్ళకి తెలియదు. వయొలిన్, మృదంగం, కంజిర సరేసరి. గొంతా వయోలానా అని నాకూ నా స్నేహితుడికీ ఏళ్ళ తరబడి వాదన.

గళమె గొప్ప యంటి, కాదు వయోలంటి
వీవు, వాదమందు విజయ మేది?
రెండు నొక్కడేను! రేయంత వింటిమి
తిట్టుకొన్నవారె గట్టి జట్టు!

లవంగి:
"వయోలంటి" అని పాదం చివర ఆపి, "వీవు" తర్వాతి పాదంలో దింపారు. పరాయి మాటని ఆటవెలదిలో ఇంత నున్నగా కూర్చోబెట్టడం తాతగారికే చెల్లు. నాలుగో పాదంలోకి వచ్చేసరికి మాత్రం తిట్లేవీ కనబడలేదు. వాదించుకున్నారు, విన్నారు, అంతే. తిట్టేదెక్కడ?

తంబూరా తాత:
అవి పద్యంలో పెట్టదగినవి కావమ్మా.

కొత్తబియ్యం:
తాతగారూ, ఇంకొకటి రాశాను. ఈసారి గురులఘువులు వేళ్ళ మీద లెక్కపెట్టాను.

యతులు తప్పె ననుచు యమునిలా వచ్చేవు
గణము కుంటె ననుచు కర్ర తెచ్చి!
మనసులోన నేను మండిపోతిని గాని
తిట్టుకొన్నవారె గట్టి జట్టు!

బెజవాడ బండి:
ఒరేయ్ తమ్ముడూ!!

లవంగి:
ఇందాక రాజోలు వారి పద్యంలో నేను వెతికిన చిక్కు ఇక్కడ విడిపోయింది. మనసులో తిట్టుకోవడానికి ఎదుటివాళ్ళు తిరిగి తిట్టనక్కర్లేదు. ఒక్కడే తిట్టుకున్నాడు, అయినా "కొన్న" చక్కగా నిలబడింది.

తంబూరా తాత:
యతులు య, య. గ, క. మ, మ. గణాలన్నీ రెండుసార్లు చూశాను, కర్రకి పని లేదు. ఒక్క లోటు: బాలమురళి ఏడీ?

కొత్తబియ్యం:
నియమంలో "ఆయన కోసం కొట్టుకునే మనం" కూడా ఉంది కదండీ. మహతి మీద మీ వాదన చదివే నేను ఆ రాగం మొదటిసారి విన్నాను.

తంబూరా తాత:
విని?

కొత్తబియ్యం:
రాగమే అనిపించింది. క్షమించండి.

బెజవాడ బండి:
బండి ఎక్కు తమ్ముడూ, నీకు కిటికీ పక్క సీటు!

సంచాలకుడు:
మార్కులు వేయను, వేస్తే ఇంకో వారం గొడవ. నా మటుకు విరుపులో లవంగిగారిది ముందు. పద్యం చదవగానే మనుషులు కనబడాలంటే మైలాపూరు వారిది. కొత్తబియ్యం రెండో పూరణ మాత్రం నేను ఈ సమస్య ఇచ్చినప్పుడు అసలు ఊహించని దారి. రాజోలు వారు మూడో పాదంలో రాముణ్ణి ప్రవేశపెట్టి తెస్తే మళ్ళీ చూస్తాను.

వచ్చే వారం సమస్య, ఆటవెలదిలోనే. తాతగారు అడిగినట్టు ఈసారి అసంభవమే ఇస్తున్నాను:

పాట రానివాడె పాట నేర్పె

కొత్తబియ్యం:
ఇది నా గురించి కాదు కదండీ?

తంబూరా తాత:
కాదు, మా వయోలా స్నేహితుడి గురించి. వాడికి ఇప్పుడే పంపించాను, కాసుకోండి.