రెండు పంచాయతీలకు ఒకే చెత్త బండి: విలీనం కాకుండా కలిసి నడపవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో ఆనందపురం వైపు, మహానగర హద్దు దాటాక వచ్చే పంచాయతీ. మాకు ట్రాక్టరు ఉంది, తడిచెత్తను ఎరువు చేసే షెడ్డు లేదు. పక్క ఊరికి షెడ్డు ఉంది, బండి లేదు. మధ్యలో చెత్త రోడ్డు పక్కనే కాలుతోంది. కలిసి నడుపుకుందామంటే, చివరికి మహానగరంలో కలిపేస్తారని పెద్దలు భయపడుతున్నారు. విదేశాల్లో మునిసిపాలిటీలు సంఘాలుగా చేరి సేవలు పంచుకుంటాయట. మనకు కుదురుతుందా?

జవాబు: వారి భయం ఊరికే పుట్టినది కాదండి. 2005లో విశాఖ నగరంలో గాజువాక మునిసిపాలిటీ, 32 గ్రామాలు కలిసే కదా జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఏర్పడింది! తర్వాత భీమిలి కూడా చేరింది. 1861 నాటి మునిసిపాలిటీకి సొంత పాలకవర్గం లేకుండా పోయింది. విలీనమంటే అదే.

మీరు అడుగుతున్నది వేరు. ఫ్రాన్స్‌లో 1890 నాటి చట్టంతోనే చిన్న ఊళ్లు ఏదో ఒక పని కోసం సంఘంగా చేరే వీలు వచ్చింది. 1959 నుంచి ఒకే సంఘం అనేక పనులు చేపట్టవచ్చు. మంచినీళ్లో, చెత్తో సంఘం చూసుకుంటుంది, మేయరూ కౌన్సిలూ ఎవరివి వారివే. స్పెయిన్ 1985 చట్టం కూడా ఈ హక్కును గుర్తించింది. అక్కడ ప్రతి కౌన్సిలూ సంఘం నియమావళిని ఆమోదించాలి.

మరొకరి జవాబు: మన దగ్గరా దారి ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీలు ఉమ్మడి కమిటీ వేసుకోవచ్చు. 2016 ఘనవ్యర్థాల నియమాలు కూడా 5 లక్షల లోపు జనాభా ఉన్న స్థానిక సంస్థలు ఉమ్మడి శానిటరీ ల్యాండ్‌ఫిల్ (మిగిలిన చెత్తను పద్ధతిగా పూడ్చే స్థలం) ఏర్పాటు చేసుకోవాలనే చెప్పాయి. ముందు మీ కార్యదర్శితో మాట్లాడండి, రెండు పాలకవర్గాల్లోనూ తీర్మానం చేయించండి, జిల్లా పంచాయతీ అధికారికి రాయండి.

ప్రశ్న: మంచిది మాస్టారూ. ఖర్చు దగ్గరే గొడవ వస్తుందేమో. మా ఊరు పెద్దది.

జవాబు: వస్తుంది. అందుకే బండి కదలకముందే అన్నీ కాగితం మీద పెట్టండి. డీజిలు, డ్రైవరు జీతం ఇళ్ల లెక్కన పంచుకోండి. తూకం లెక్కన వద్దు. తూకానికి డబ్బు కట్టాలంటే బరువు తగ్గించడానికి ఎవరో ఒకరు చెత్తను మళ్లీ రోడ్డు పక్కకే చేరుస్తారు. కమిటీలో మాత్రం రెండు ఊళ్లకూ సమాన సంఖ్యలో సభ్యులు ఉండాలి. మీది పెద్ద ఊరు, ఎక్కువ ఖర్చు భరిస్తుంది కాబట్టి ఎక్కువ ఓట్లు అడగాలనిపిస్తుంది. అడగకండి. చిన్న ఊరికి మాట లేకపోతే మీ పెద్దలు భయపడిన విలీనమే మరో పేరుతో వచ్చినట్లవుతుంది.

ట్రాక్టరు ఎవరి పేరున ఉంటుందో, మరమ్మతు ఎవరు చేయిస్తారో, ఎరువు అమ్మితే వచ్చిన డబ్బు ఏ ఖాతాకు వెళుతుందో రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, తప్పుకొనే షరతు. ఎవరైనా బయటికి వెళ్లాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, బకాయి తీర్చాలి, షెడ్డు షెడ్డువారిదే, బండి బండివారిదే. ఆ ఒక్క పేరా గ్రామసభలో గట్టిగా చదివించండి. వెళ్లే దారి ముందే కనిపిస్తే చేరడానికి అంత వెనకాడరు.

ప్రశ్న: మరి రోడ్డు పక్క ఇప్పటికే పేరుకున్న పాత చెత్త?

జవాబు: దాన్ని ఉమ్మడి ఖర్చులో కలపకండి. ఒకసారి ఎత్తించే పని కాబట్టి వేరే తీర్మానం చేయించండి. ఎవరి హద్దులో ఎంత ఉందో కార్యదర్శులిద్దరూ కలిసి నడిచి చూసి, ఫొటోలు తీసి సంతకాలు పెట్టాలి. వానాకాలం లోపే చేయించండి, చెత్తలోంచి కారే నీరు గెడ్డలోకి దిగితే మరీ కష్టం.