సినిమాల్లో వేసే 'ఏ జంతువుకూ హాని జరగలేదు' అన్న కార్డును మీరు నమ్ముతారా?

వెన్నెల_కట్స్:
నాకైతే నమ్మకం పోయింది. నేను ఎడిటింగ్ రూంలో పని చేస్తాను. తెర మీద మీరు చూసేది నాలుగు సెకన్లే, మా దగ్గరికి వచ్చే రషెస్‌లో, అంటే కత్తిరించని షూటింగ్ ఫుటేజ్‌లో, మాత్రం అంతా ఉంటుంది. ఒక సినిమాలో కుక్క పరుగెత్తుకుంటూ వచ్చి హీరో కాళ్ళ దగ్గర పడుకోవాలి. పద్నాలుగు టేకులు తీశారు. తొమ్మిదో టేకుకే దాని నాలుక వేలాడిపోయింది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చివరి టేకులో అది లేవనని మొరాయిస్తే ఫ్రేమ్ అంచు నుంచి ఒక చెయ్యి వచ్చి మెడపట్టీ పట్టి లాగింది. ఆ చెయ్యి కనబడకుండా ఫ్రేమ్ జరిపింది నేనే. ఆ సినిమాకీ ఈ కార్డు వేశారు. నిజం జంతువుల్ని సినిమాల్లో పెట్టడం ఆపేయాలని నా గట్టి అభిప్రాయం. 2011లో వచ్చిన 'రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్'లో ఒక్క నిజం చింపాంజీ లేదు, అన్నీ నటుల కదలికల మీద గ్రాఫిక్స్‌తో చేసినవే. అప్పుడే కుదిరింది, ఇప్పుడెందుకు కుదరదు?

గుర్రపు_డెక్క:
మేడమ్, మా నాన్న కాలం నుంచి షూటింగులకు గుర్రాలు ఇస్తున్నాం, అందుకని రాస్తున్నాను. పాత రోజుల్లో ఘోరాలు జరిగాయి, కాదనను. గుర్రం ముందుకాళ్ళకు తీగ కట్టి, దౌడు మీద ఉండగా కాళ్ళు లాగేసి పడేసేవాళ్ళు. దాన్ని 'రన్నింగ్ డబ్ల్యూ' అనేవారు. 1939లో వచ్చిన 'జెస్సీ జేమ్స్' సినిమా కోసం గుర్రాన్ని ఎత్తు మీద నుంచి నీళ్ళలోకి దూకించి చంపారు. దాని మీద జనం మండిపడ్డాకే 1940 నుంచి అమెరికన్ హ్యూమేన్ అనే జంతు సంరక్షణ సంస్థ హాలీవుడ్ సెట్ల మీద జంతువుల్ని ఎలా చూస్తున్నారో గమనించడానికి మనుషుల్ని పంపడం మొదలుపెట్టింది. ఇప్పుడు మేం పడటం నేర్పిన గుర్రాన్నే తెస్తాం, నేలను గుల్లగా తవ్వి మెత్తగా చేశాకే పడేలా చేస్తాం. అన్నీ గ్రాఫిక్సే అంటే నా గుర్రాలను ఎవరు మేపుతారు? షూటింగ్ లేని గుర్రం ఎవరి చేతికి పోతుందో, అక్కడ ఏం మోస్తుందో మీకు తెలుసా?

నిశాచరి:
పద్నాలుగు టేకులా! ఆ కుక్క ఇప్పుడెలా ఉందండీ?

కాగడా:
ఒక చిన్న సవరణ. ఆ కార్డు అబద్ధం కాదు, మనమే దాన్ని తప్పుగా చదువుతున్నాం. హాలీవుడ్‌లో ఆ కార్డు ఇచ్చేది అమెరికన్ హ్యూమేనే, అది చూసేది కెమెరా ముందు జరిగేదాన్నే. 'ది హాబిట్' సినిమా అప్పుడు జంతువుల్ని ఉంచిన పొలంలో గుర్రాలూ గొర్రెలూ మేకలూ చనిపోయాయని వాటిని చూసుకున్నవాళ్ళే 2012లో బయటపెట్టారు. పొలం మా పరిధిలోకి రాదని ఆ సంస్థ చెప్పింది. మాట ప్రకారం అది కరెక్టే.

వెన్నెల_కట్స్:
కాగడా గారూ, గుంతల్లో పడి చచ్చిపోయిన గొర్రెకు అది సెట్టో పొలమో తెలుసా? ఆ సినిమా కోసమే కదా దాన్ని అక్కడికి తెచ్చింది!

కాగడా:
నేను దాని బాధ గురించి మాట్లాడటం లేదు. కార్డులో రాసింది నిజమా కాదా అన్నదే మీ ప్రశ్న. పొలం సెట్ కాదు.

మట్టిబాట:
డాక్యుమెంటరీల్ని మరిచిపోకండి. 1958 నాటి 'వైట్ వైల్డర్నెస్'లో లెమ్మింగులు (ఎలుకల్లాంటి చిన్న జంతువులు) గుంపుగా నీళ్ళలోకి దూకి చచ్చిపోతాయని చూపించారు. నిజానికి వాటిని పట్టి తెచ్చి, అంచు నుంచి కిందికి తోశారు. ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు.

గుర్రపు_డెక్క:
మట్టిబాట గారు చెప్పింది శిక్షణ లేని జంతువుల సంగతి. మాది వేరు. మా గుర్రం కెమెరాకు, లైటుకు, తుపాకీ చప్పుడుకు నెలల తరబడి అలవాటు పడ్డాకే సెట్‌కి వస్తుంది. పైగా సెట్ మీద చూసే మనిషి ఉంటే ఇబ్బందే ఉండదు.

వెన్నెల_కట్స్:
'లక్' అనే టీవీ సీరియల్ సెట్ మీద చూసే మనుషులు ఉన్నారు కదండీ. అయినా మూడు గుర్రాలు చనిపోయాయి, 2012లో హెచ్‌బీఓ ఛానల్ ఆ సీరియల్‌నే ఆపేసింది. మీరు చెప్పే ఆ చూసే మనుషుల ఖర్చులో పెద్ద భాగం సినిమా పరిశ్రమ నుంచే వచ్చేది. జీతమిచ్చేవాడి పనిని ఆపు అని ఎంతమంది అనగలరు?

సాయంకాలం:
బ్రిటన్‌లో 1937 నుంచే ఒక చట్టం ఉంది. జంతువును హింసించి తీసిన దృశ్యాన్ని అక్కడ ప్రదర్శించడమే నేరం. సెన్సార్ వాళ్ళు పాత సినిమాల్లో గుర్రాలు పడే షాట్లు కత్తిరించేది అందుకే. సెట్‌లో పట్టుకోలేకపోతే విడుదల దగ్గర పట్టుకోవచ్చు.

గుర్రపు_డెక్క:
విడుదల దగ్గర పట్టుకుంటే జరగాల్సింది అప్పటికే జరిగిపోయి ఉంటుంది. అయినా మేడమ్, గదిలో కూర్చుని తెర మీద చూసినవాళ్ళు మా గురించి తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. తెల్లవారుజామున లేచి డెక్కలు గీకి, మాలిష్ చేసి, దాణా పెట్టేది మేము. మా ఇంట్లో పిల్లల కంటే ముందు గుర్రం తింటుంది. మమ్మల్ని కసాయివాళ్ళలా చూపిస్తున్నారు.

వెన్నెల_కట్స్:
మిమ్మల్ని నేను ఒక్క మాట అనలేదు. ఆ చెయ్యి మీదని అన్నానా?

గుర్రపు_డెక్క:
అనక్కర్లేదు. ఆ చెయ్యి నాలాంటివాడిదే. మీ మొదటి పోస్టు చదివినప్పటి నుంచి నన్ను తొలుస్తున్నది అదే. ఆ కుక్కను ఆప్యాయంగా పెంచింది కూడా అతనే అయ్యుంటాడు. వెనక నుంచి యూనిట్ మొత్తం అరుస్తుంటే, వెలుతురు పోతోంది త్వరగా త్వరగా అంటుంటే, చెయ్యి దానంతట అదే పట్టీ మీదికి పోతుంది. నేను ఒక్కసారి మాత్రం ఆపాను. గుర్రం ఎడమ ముందుకాలు కుంటుతోంది, ఇక తిప్పనని కళ్ళెం విప్పేశాను. ఆ రోజు డబ్బులు ఇచ్చారు కానీ ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు, వాళ్ళు చెప్పారేమో ఇంకో ఇద్దరు కూడా పిలవడం మానేశారు. తర్వాత వేరే సినిమాలో మా ఆడగుర్రం అలసిపోయిందని తెలిసీ నోరు మూసుకున్నాను. దానికేం కాలేదు. ఏదైనా అయ్యుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు.

నిశాచరి:
అన్నా, ఇది చదివితే మనసు పాడైపోయింది.

వెన్నెల_కట్స్:
డెక్క గారూ, మీకు కోపం తెప్పించినందుకు సారీ. నేనూ నోరు మూసుకున్నదాన్నే, ఫ్రేమ్ జరిపి పంపేశాను. కానీ నా అభిప్రాయం మారలేదు, మీరు రాసింది చదివాక ఇంకా గట్టిపడింది. ఇంత ప్రేమగా పెంచిన మీరే ఆపలేకపోతే ఇంకెవరు ఆపుతారు? నిశాచరి గారూ, ఆ కుక్క ఏమైందో నేను కనుక్కోలేదు. అడగాలని కూడా అప్పుడు తోచలేదు.

గుర్రపు_డెక్క:
జంతువుల్ని తీసెయ్యమంటారు మీరు. ఆపు అంటే ఆపే అధికారం మా చేతికి ఇవ్వమంటాను నేను, అగ్రిమెంటులోనే రాయాలి, ఆపినందుకు డబ్బులు కోయకూడదని, మళ్ళీ పిలవకపోవడానికి అది కారణం కాకూడదని. మీరు ఒప్పుకోరని తెలుసు. ఒక్కటి చెప్తాను, మీరు తొమ్మిదో టేకు దగ్గర చూసిన నాలుక ట్రైనర్‌కి మూడో టేకులోనే కనబడి ఉంటుంది.