కొత్త కుర్రాళ్లకు నెట్‌వర్క్ కేబులింగ్ ఎలా నేర్పుతున్నారు?

గచ్చిబౌలి_కాంట్రాక్టర్:
నమస్తే అందరికీ. ఈ నెల నలుగురు ఐటీఐ కుర్రాళ్లు నా దగ్గర చేరారు. ఇళ్ల కరెంటు పని బాగా వచ్చు, డేటా కేబుల్ మాత్రం కొత్త. నేరుగా సైటుకు పంపాలా, ముందు షెడ్డులో నేర్పాలా? పోయినేడు నేరుగా పంపి దెబ్బతిన్నాను. నాలుగంతస్తుల ఆఫీసు, 180 పాయింట్లు. ఎనిమిది లైట్ల టెస్టర్ పెట్టి చూస్తే అన్నీ వెలిగాయి. సిగ్నల్ నాణ్యత కొలిచే సర్టిఫికేషన్ టెస్టులో 23 ఫెయిలయ్యాయి. అప్పటికే ఫాల్స్ సీలింగ్ మూసేశారు. ఆ వారం నాకు నిద్ర లేదు.

ప్యాచ్‌ప్యానెల్:
ఆ 23లో స్ప్లిట్ పెయిర్లు, అంటే ఒకే సిగ్నల్ మోసే రెండు తీగలు వేర్వేరు మెలిక జతల నుంచి వచ్చినవి, ఎన్నో చూశారా అన్నా? కొత్తవాళ్లు రంగుల జతలను వరసగా పెట్టేస్తారు: 1-2, 3-4, 5-6, 7-8. రెండు చివర్లా అదే తప్పు చేస్తే ఏ తీగ ఆ పిన్నుకే చేరుతుంది కాబట్టి లైట్లన్నీ వెలుగుతాయి. కానీ సిగ్నల్ నడిచేది 3, 6 జతగా. ఆ రెండూ ఒకదానితో ఒకటి మెలివేసిన తీగలు కాకపోతే పక్క జతల సిగ్నల్ ఇందులోకి వచ్చేస్తుంది.

అందుకే నేను మొదటిరోజే ప్రతి ఒక్కరితో రెండు కేబుళ్లు చేయిస్తాను. ఒకటి 568బి అనే ప్రామాణిక రంగుల వరస ప్రకారం: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. రెండోది కావాలనే వరసగా, తప్పుగా. రెండూ లైట్ల టెస్టర్‌లో పాసవుతాయి. తర్వాత సర్టిఫికేషన్ టెస్టు చేసే మీటరు, అదే సర్టిఫయర్‌కు పెడతాం. రెండోదాని మీద ఫెయిల్ అని పడ్డప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఆ తర్వాత రంగుల వరస గురించి నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. సర్టిఫయర్ ఖరీదెక్కువ, ఒక రోజుకు అద్దెకు తెచ్చినా సరే, ఈ పాఠం మాత్రం వదలకండి.

బెజవాడ_వైరింగ్:
కరెంటు పని నుంచి వచ్చినవాళ్లకు చేతి అలవాటు మాన్పించడమే కష్టం. పైపులో వైరు ఇరుక్కుంటే బలంగా లాగడం వాళ్లకు మామూలు. ఈ కేబుల్‌కు 110 న్యూటన్లే హద్దు, అంటే సుమారు 11 కిలోల బరువు. మాటల్లో చెబితే ఎక్కదు. కేబుల్ చివర స్ప్రింగ్ త్రాసు కట్టి లాగమంటాను. ముల్లు 11 దాటినప్పుడు చేతికి ఎలా ఉందో వాళ్లకే తెలుస్తుంది.

వంపు కూడా కేబుల్ మందానికి నాలుగింతల వ్యాసార్థం కంటే బిగుతుగా ఉండకూడదు. పంచ్ చేసేచోట, అంటే తీగను ప్యానెల్ గాడిలోకి నొక్కి బిగించేచోట, మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. ప్లాస్టిక్ టైలు బిగించి కట్టేస్తే జతలు నలిగిపోతాయి, వెల్క్రో వాడమనండి.

దోహా_జగిత్యాల:
అన్నా, నేను హెల్పర్‌గా వచ్చినోణ్ని. రెండేళ్లు కేబుల్ లాగుడే నా పని, టెర్మినేషన్, అంటే కేబుల్ చివర్లు బిగించే పని, ఎవరూ నేర్పలేదు. ఒక సీనియర్ రాత్రిళ్లు రూములో పాత ప్యానెల్ మీద నేర్పిండు, అప్పుడే జీతం పెరిగింది. ఇక్కడ పెద్ద ప్రాజెక్టుల్లో బిక్సీ (కేబులింగ్ పనివాళ్లకు సర్టిఫికెట్లిచ్చే అంతర్జాతీయ సంస్థ) సర్టిఫికెట్ అడుగుతుంటారు: ఇన్‌స్టాలర్ 1, తర్వాత ఇన్‌స్టాలర్ 2లో కాపర్, ఫైబర్ వేర్వేరుగా. మీ కుర్రాళ్లలో ఎవరైనా గల్ఫ్ అనుకుంటే ఆ పేర్లు ఇప్పుడే చెప్పండి. లేబుల్ రెండు చివర్లా వేయడం కూడా మొదటిరోజు నుంచే అలవాటు చేయండి.

సీసీటీవీ_వరంగల్:
ఒక ప్రశ్న. చవక బాక్సు కేబుల్‌తో ప్రాక్టీసు చేయించవచ్చా?

ప్యాచ్‌ప్యానెల్:
వద్దండి. చవకవాటిలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూతే. తీగను చాకుతో గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. పంచ్ చేస్తే తెగుతుంది, కుర్రాడు తన చేతిదే తప్పనుకుంటాడు. దాని నిరోధకత ఎక్కువ కాబట్టి కెమెరాలకు పవర్ అదే కేబుల్‌లో పంపితే వేడెక్కుతుంది కూడా. సైటులో మిగిలిన అసలు రాగి ముక్కలు దాచిపెట్టుకోండి.

గచ్చిబౌలి_కాంట్రాక్టర్:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆ 23లో 14 స్ప్లిట్ పెయిర్లే, పాత రిపోర్టు తీసి ఇప్పుడే చూశాను. సైటు పదిరోజులు ఆపుతున్నాను. షెడ్డులో ప్లైవుడ్ బోర్డుకు ప్యానెల్, అవుట్‌లెట్లు బిగించి, మధ్యలో 90 మీటర్ల కేబుల్ చుట్ట పెడతాను. బెజవాడ అన్నా, త్రాసు ఎన్ని కిలోలది కొనాలి?

బెజవాడ_వైరింగ్:
25 కిలోలది చాలు. ముల్లు ఉన్నదే తీసుకోండి.