2,200 మీటర్ల లోతుకు లోడ్ దించాలి: వైరు తీసి అదే డ్రమ్ మీద ఫైబర్ తాడు వేయొచ్చా?

కేజీ_సబ్‌సీ:
కాకినాడ ఆవల సముద్రం అడుగుకి ఒక మానిఫోల్డ్ (బావుల పైపులు కలిసే ఉక్కు నిర్మాణం) దించే లెక్కలు చూస్తున్నాం. గాల్లో 95 టన్నులు, మునిగాక 83 దాకా ఉంటుంది. క్రేన్ 150 టన్నులది, యాక్టివ్ హీవ్ కాంపెన్సేషన్ (అలలకి ఓడ లేచిపడే కొద్దీ తాడు వదులుతూ లాగుతూ సరిచేసే ఏర్పాటు) ఉంది, డ్రమ్ మీద 76 మి.మీ. వైరు రోప్ 3,000 మీటర్లు. పైన ఇబ్బంది లేదు, అడుగుకి చేరేసరికి క్రేన్ లోడ్ చార్టు (ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టిక) దాటిపోతోంది. వైరు తీసేసి అదే మందం హెచ్‌ఎంపీఈ (చాలా గట్టి పాలిథిలీన్ ఫైబర్) తాడు చుట్టేస్తే సరిపోతుందని టీంలో కొందరి మాట. అయ్యే పనేనా?

లోడ్‌చార్ట్:
చార్టు ఎందుకు దాటుతోందో ముందు చూడండి. 76 మి.మీ. వైరు మీటరుకు 25 కిలోల పైమాటే. నీళ్లలో ఉక్కు బరువు ఎనిమిదో వంతే తగ్గుతుంది కాబట్టి 22 అనుకోండి. 2,200 మీటర్లకి 48 టన్నులు తాడే తినేస్తుంది. 83 + 48 = 131, దానికి డైనమిక్ ఫ్యాక్టర్ (అలల ఊపుకి పెరిగే లోడ్ కోసం) 1.25 వేస్తే 164. అదే హెచ్‌ఎంపీఈ అయితే సాంద్రత 0.97, నీళ్లలో తేలుతుంది, తాడు బరువు సున్నా. 83 × 1.25 = 104. పైగా డ్రమ్ మీద 75 టన్నుల ఉక్కు పోయి 9 టన్నుల తాడు వస్తుంది, డెక్ లోడ్‌కీ మంచిదే.

బరువు వరకే ఈ లాభం. సాగుడు మాటేంటి? యాడెడ్ మాస్‌తో (లోడ్‌తో పాటు కదిలే నీటి బరువుతో) కలిపి 200 టన్నులు ఊగుతుందనుకుంటే, 2,200 మీటర్ల దగ్గర వైరు మీద సహజ పీరియడ్ (లోడ్ ఒకసారి పైకీ కిందికీ ఊగే కాలం) 8 సెకన్లు, ఫైబర్ మీద 12. లోతు పెరిగేకొద్దీ పీరియడ్ పెరుగుతుంది కాబట్టి ఫైబర్‌తో 1,500 మీటర్ల దగ్గర సరిగ్గా 10 సెకన్ల స్వెల్‌కి (పొడవాటి అలలకి) తగిలి ఊపు పెరిగిపోతుంది. అక్కడ ఆగకుండా దాటించేలా ప్రొసీజర్‌లో రాయండి. ఇంకోటి, కొత్త తాడు కాస్త మెత్తగా ఉండి, కొన్ని లోడ్ల తర్వాతే బిగుస్తుంది. ఒకే స్టిఫ్‌నెస్‌తో అనాలిసిస్ నడిపితే చాలదు.

షీవ్_డ్రమ్:
అదే డ్రమ్ మీద మాత్రం వద్దు. ఇది తాడు మార్చితే తీరే సమస్య కాదు, వించ్ మార్చాల్సిన సమస్య.

అడుగు లేయర్లు వదులుగా చుట్టి ఉంటాయి. పై లేయర్ మీద 100 టన్నులు పడగానే తాడు రెండు చుట్ల మధ్యలోకి కత్తిలా దిగిపోతుంది. తిరిగి వదిలేటప్పుడు ఇరుక్కుని, ఒక్క జర్కుతో బయటికొస్తుంది. అందుకే లోడ్ పట్టేది ట్రాక్షన్ వించ్, తక్కువ టెన్షన్‌తో చుట్టుకునేది స్టోరేజ్ వించ్, రెండూ వేరుగా ఉండాలి.

ట్రాక్షన్‌లోనూ తిరకాసుంది. హెచ్‌ఎంపీఈ జారుడు సరుకు. ఘర్షణ గుణకం 0.07 అనుకుంటే షీవ్‌ల (గాడి ఉన్న చక్రాల) మీద ఆరు సగం చుట్లకి టెన్షన్ 3.7 రెట్లే తగ్గుతుంది, అంటే 100 టన్నులు 27 అవుతాయి. స్టోరేజ్ వైపు 5 టన్నులకు తేవాలంటే దాదాపు పద్నాలుగు సగం చుట్లు కావాలి. టెన్షన్ తగ్గే కొద్దీ తాడు పొడవు కుంచించుకుంటుంది, కాబట్టి అన్ని షీవ్‌లూ ఒకే వేగంతో తిరిగితే తాడు షీవ్ మీద రాసుకుంటూ జారుతుంది. ప్రతి షీవ్‌కీ సొంత మోటారు పెట్టేది అందుకే.

పాత షీవ్‌లు ఉంచాలనుకుంటే గాడి లోపల వేలు పెట్టి చూడండి. వైరు తిరిగిన షీవ్‌లో స్ట్రాండ్ అచ్చు పడి ఉంటుంది. ఆ గరుకుకి ఫైబర్ నిలవదు.

మూరింగ్_మాష్టారు:
కొంచెం ఎక్కువ భయపెడుతున్నారేమో. బ్రెజిల్‌లో 1990ల చివరి నుంచే లోతు నీళ్ల ప్లాట్‌ఫారాలు పాలిస్టర్ తాళ్ల మీద నిలబడి ఉన్నాయి కదా?

షీవ్_డ్రమ్:
మాష్టారూ, మూరింగ్ తాడు బిగుసుకుని అక్కడే ఉంటుంది, లోడ్‌తో షీవ్ మీద వంగదు. ఇక్కడ హీవ్ కాంపెన్సేషన్ ఆన్ చేశాక అదే నాలుగైదు మీటర్ల ముక్క షీవ్ మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. 10 సెకన్ల అలకి గంటకి 360 సార్లు. లోపలి పోగులు ఒకదానికొకటి రాసుకుని వేడెక్కుతాయి. హెచ్‌ఎంపీఈ కరిగేది 145–150 డిగ్రీల దగ్గరే అయినా, 70 దాటితే బలం పడిపోతుంది, క్రీప్ (లోడ్ కింద మెల్లగా సాగిపోవడం) పెరుగుతుంది. పైన చేయి పెడితే చల్లగానే ఉంటుంది, ఉడికేది లోపల. హెచ్‌ఎంపీఈతో ఎల్‌సీపీ (ఇంకో రకం గట్టి పాలిమర్ ఫైబర్) కలిపి, జారుడు పూతతో అల్లిన తాళ్లు వంపుకి బాగా ఓర్చుకుంటాయి. షీవ్ వ్యాసం తాడుకి 30 రెట్లు ఉంటే మేలు. వాటర్ స్ప్రే తప్పనిసరి.

స్ప్లైస్_బెంచ్:
వాడకం గురించి నాలుగు ముక్కలు.

తాడుని మీటర్ల వారీగా లాగ్ చేయండి: ఏ ముక్క, ఎంత టెన్షన్‌లో, ఎన్నిసార్లు వంగింది. ఒకే లోతులో వరుసగా లిఫ్టులుంటే అరిగేది ఒకే చోట. కింది కొస కొంత కోసి కొత్త ఐ స్ప్లైస్ (కొసని తాడులోకే అల్లి చేసే కన్ను) చేస్తే ఆ ముక్క షీవ్ మీంచి జరుగుతుంది. ఈ కోతల కోసం ఆర్డర్‌లోనే అదనపు పొడవు పెట్టండి.

వైరుకి చేసే మాగ్నెటిక్ టెస్ట్ దీనికి పనికిరాదు. స్ట్రాండ్ విడదీసి చూడాలి: మెరుస్తూ గట్టిపడ్డ చోటు ఉంటే పోగులు కరిగి అతుక్కున్నట్టే. తెగిన స్ట్రాండ్లు, మార్కుల మధ్య పెరిగిన దూరం కూడా రాసుకోండి. బ్రేకింగ్ లోడ్ మాత్రం స్ప్లైస్‌తో కలిపి పరీక్షించినదే తీసుకోండి.

12 స్ట్రాండ్ల అల్లిక తాడు తనంతట తాను మెలి తిరగదు. దానికి ఆరు స్ట్రాండ్ల వైరు పెనెంట్ (కొసకి తగిలించే పొట్టి తాడు) తగిలిస్తే, లోడ్‌లో వైరు విప్పుకుంటూ ఫైబర్‌ని మెలిపెట్టేస్తుంది. కింద కూడా ఫైబర్ పెనెంటే పెట్టండి.

కేజీ_సబ్‌సీ:
లోడ్ వదిలాక తాడు తేలుతుందన్నారు. ఖాళీ హుక్కు సంగతి?

స్ప్లైస్_బెంచ్:
హుక్కు పైన బరువు కట్టాలి, 5 టన్నులైనా. లేకపోతే కరెంట్‌కి తాడు విల్లులా వంగి హుక్కు ఎక్కడికో పోతుంది. మానిఫోల్డ్ కూర్చున్నాక తాడు ఎక్కువ వదలొద్దు. వదులు తాడు కిందపడదు, పైకి లేచి ఆర్‌ఓవీ (పైనుంచి నడిపే నీటి అడుగు రోబో) థ్రస్టర్‌లోకి వెళ్తుంది. ఆర్‌ఓవీ షాకిల్ విప్పేదాకా బరువు మీద టెన్షన్ ఉంచండి. ఆ టెన్షన్‌తోనే పైకి చుట్టుకుంటే స్టోరేజ్ డ్రమ్ మీద చుట్లూ వదులవ్వవు.