చిన్న చెక్క లేత్: వణుకు, టూల్ రెస్ట్ గరుకు, సెంటర్ల తేడా. ముందు ఏది సరిచేయాలి?

ప్రశ్న

పోత ఇనుము బెడ్ (అడుగు దిమ్మ), ఎంటీ2 టేపర్ (సెంటర్లు దూర్చే కోసు రంధ్రం సైజు), రేకు స్టాండు ఉన్న చిన్న లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే మిషన్). 20 సెం.మీ. గిన్నె దిమ్మె బిగించి 800 ఆర్‌పీఎం దాటిస్తే స్టాండుతో సహా ఊగుతోంది. టూల్ రెస్ట్ (ఉలిని ఆనించే కమ్మీ) మీద గౌజ్ (గాడి ఉలి) సాఫీగా జారకుండా మధ్యమధ్యలో పట్టేస్తోంది. టెయిల్‌స్టాక్‌ను (చెక్క రెండో చివరను పట్టే భాగం) దగ్గరికి తెస్తే రెండు సెంటర్ల (చెక్కను రెండు వైపులా పట్టే మొన ముక్కలు) మొనలకు దాదాపు ఒక మిల్లీమీటరు తేడా ఉంది. కొత్త మిషన్ కొనే ఉద్దేశం లేదు. స్టాండు మీద ఇసుక బస్తాలు వేస్తే సరిపోతుందా? ఏ వరసలో మొదలుపెట్టాలి?

జవాబు 1

ఇసుక సంగతి తర్వాత చూద్దామండీ. వణుకు ఎక్కడ పుడుతోందో ముందు తేల్చుకోండి. చక్ (దిమ్మెను పట్టే బిగింపు), దిమ్మె తీసేసి, వాటిని తిప్పే ఇరుసు, అంటే ఖాళీ స్పిండిల్‌ను అదే వేగంలో తిప్పండి. కుదురుగా ఉంటే తప్పు దిమ్మెదో స్టాండుదో. ఖాళీగా ఉన్నా వణికితే, ప్లగ్ పీకి బెల్టు తీసేసి, మోటారును ఒక్కదాన్నే నడిపి చూడండి. అదీ బాగుంటే మిగిలినవి బెల్టు, స్పిండిల్ పుల్లీ, బేరింగులు. బెల్టు లేనప్పుడు స్పిండిల్‌ను చేత్తో తిప్పితే గరగరమన్నా, పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కదిలినా బేరింగుల పని ఉందన్నమాట. కొన్ని మిషన్లలో వెనక నట్టు కొద్దిగా బిగిస్తే ఆ లూజు పోతుంది.

వేగం లెక్క కూడా చూసుకోండి. వ్యాసం అంగుళాల్లో, దాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే 6000 నుంచి 9000 లోపు ఉండాలి. మీ 8 అంగుళాల దిమ్మెకు 750 నుంచి 1125 వస్తుంది. అయితే ఇది దిమ్మె గుండ్రంగా, సమతూకంగా ఉన్నప్పటి మాట. మూలలున్న దిమ్మెను 400–500 దగ్గర మొదలుపెట్టి, అంచు గుండ్రమయ్యాకే వేగం పెంచండి. ముఖానికి షీల్డ్ తప్పనిసరి.

జవాబు 2

పైన చెప్పినది సరే. ఖాళీ స్పిండిల్ బాగుంటే స్టాండు పని పట్టండి. ఊగే స్టాండుకు బరువు ఒక్కటే ఎక్కిస్తే ఊగడం ఆగదు, ఊగే వేగం మారుతుందంతే. ముందు కాళ్ల మధ్య ఐమూలగా పట్టీలు బిగించండి. ముందుకూ వెనక్కూ ఊగకుండా రెండు చివరల్లోనూ ఉండాలి. నాలుగు కాళ్లూ నేలను తాకుతున్నాయో లేదో కింద కాగితం దూర్చి చూడండి, కాగితం సులువుగా జారే కాలి కింద చీలిక పెట్టండి. మెత్తటి రబ్బరు పాదాలు వద్దు, ఊపు పెరుగుతుంది. ఆ తర్వాత కింది అరలో ప్లైవుడ్ పెట్టె బోల్టులతో బిగించి, 40–50 కిలోల ఎండు ఇసుక సంచుల్లో కట్టి నింపండి. తడి ఇసుకైతే రేకు తుప్పు పడుతుంది.

జవాబు 3

తక్కువ శ్రమతో ఎక్కువ తేడా కనిపించేది టూల్ రెస్ట్ దగ్గరే. నేనైతే దాంతోనే మొదలుపెట్టమంటాను, గంట పని కూడా కాదు. పోత ఇనుము మెత్తన, ఉలి కాడ అంచులు గుద్దుకుని సొట్టలు పడతాయి. గౌజ్ పట్టేసేది ఆ సొట్టల్లోనే. రెస్ట్‌ను వైస్‌లో బిగించి, చదును ఆకురాయిని రెండు చేతులా అడ్డంగా పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగండి. సొట్ట ఉన్నచోటే అరగదీస్తే అక్కడ గుంట పడుతుంది. తర్వాత 220, 400 గరుకు కాగితం, పైన కాస్త మైనం. స్క్యూ ఉలి (ఏటవాలు అంచున్న ఉలి) కాడ పదునైన అంచుల్ని కూడా కొద్దిగా గుండ్రం చేయండి, లేకపోతే నెల తిరక్కుండా మళ్లీ సొట్టలే. సిలికాన్ స్ప్రే మాత్రం బెడ్ మీదా రెస్ట్ మీదా వాడొద్దు. అది చేతులకంటి చెక్కకు చేరితే పాలిష్ పట్టదు.

సెంటర్ల విషయానికొస్తే, ముందు రెండు టేపర్లూ గుడ్డతో శుభ్రంగా తుడవండి. లోపల ఒక్క చెక్కపొట్టు ఇరుక్కున్నా మొన పక్కకు పోతుంది. అప్పటికీ తేడా ఉంటే బెడ్‌ను స్టాండుకు పట్టే బోల్టులు వదులు చేయండి. మొనలు కలిస్తే బెడ్ మెలి తిరిగిందని అర్థం, ఎత్తుగా లేచిన పాదం కింద పలచటి ఇత్తడి రేకు పెట్టి మళ్లీ బిగించండి. రెండు సెంటర్ల మధ్య పట్టి తిప్పే పనికి అర మిల్లీమీటరు తేడా లెక్కలోకి రాదు. టెయిల్‌స్టాక్ నుంచి రంధ్రం వేసినప్పుడే అది పెద్దదై కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. టేపర్ తుడిస్తే తేడా సగానికి తగ్గింది. ఖాళీగా తిప్పితే చిన్నగా టక్ టక్ మంటోంది, మోటారు ఒక్కదానికి ఆ చప్పుడు లేదు.

జవాబు 1

అయితే ముందు బెల్టునే చూడండి. బిగువుగా ఉంచి చాలాకాలం నడపకపోతే వి-బెల్టు పుల్లీ చుట్టూ వంపు తిరిగి ఉండిపోతుంది, ఆ వంపు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా కొట్టుకుంటుంది. పావుగంట నడిపినా తగ్గకపోతే మార్చండి, ముక్కలుగా కలిపే లింక్ బెల్టుకు ఈ ఇబ్బంది ఉండదు. కొత్తది వేసేముందు రెండు పుల్లీల ముఖాలకూ ఒకే స్కేలు ఆనించి వరస చూడండి, పుల్లీల గ్రబ్ స్క్రూలు (పుల్లీని ఇరుసుకు పట్టే చిన్న మరలు) కూడా బిగించండి. పని లేని రోజుల్లో బెల్టు బిగువు వదిలేయండి.