చర్చ: తల్లి కూడా కొడుకులాగే ఒరిగిపోయిన బొమ్మ (ప్రాడో, మాడ్రిడ్)

దారితప్పిన_బాటసారి:
ఆఫీసు పని మీద మాడ్రిడ్ వచ్చాను. నిన్న ప్రాడో మ్యూజియంలో రోజియర్ వాన్ డెర్ వైడెన్ వేసిన బొమ్మ చూశాను. యేసును సిలువ మీద నుంచి దింపే ఘట్టం, 1435 ప్రాంతంలో వేసింది. చర్చి గోడల మీది సిలువ మార్గం పటాల్లో 13వ స్థలం ఇదే, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కదా, కొత్తేముంటుందిలే అనుకున్నా. తీరా వెళ్లాక ఇరవై నిమిషాలు కదల్లేదు. అక్కడ ఫోటోలు తియ్యనివ్వరు కాబట్టి గుర్తున్నంత రాస్తున్నా. యేసు దేహం ఎలా వంగి ఉందో, కింద మూర్ఛపోయిన తల్లి మరియమ్మ దేహం దాదాపు అలాగే వంగి ఉంది. ఆయన వేలాడే చెయ్యి పక్కనే ఆమె చెయ్యి. కావాలనే అలా వేశాడా? మీలో ఎవరైనా చూశారా?

తెనాలి_మాస్టారు:
నేను పుస్తకాల్లో చూశాను. బాగుంది, కాదనను. కానీ యోహాను సువార్త 19వ అధ్యాయం తీసి చూడండి. తల్లి సిలువ దగ్గర నిలబడి ఉందనే ఉంది. మూర్ఛపోయిందని నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు.

రంగులడబ్బా:
మాస్టారూ, ఈ పేచీ మీకంటే ముందే వచ్చింది. కజెటాన్ అనే పండితుడు, డొమినికన్ సభ సన్యాసి, మరియమ్మ మూర్ఛను పండుగగా జరపడం తప్పని 1506లో రాశాడు. ఆయన వాదన కూడా మీదే, సువార్తలో ఆమె నిలబడే ఉందని. బొమ్మ మాత్రం దానికి డెబ్బై ఏళ్ల ముందుది. కొడుకు ఒంటి మీద పడ్డ దెబ్బ తల్లి గుండెలో దిగిందని అప్పటి భక్తులు ధ్యానించేవారు. లాటిన్‌లో దాన్ని కంపాసియో అంటారు, కలిసి బాధపడటం అని. ‘జాలి’ అంటే పలచబడిపోతుంది. బాటసారి గారూ, కావాలనే వేశాడు.

ఇంకో మాట. నేనూ నూనె రంగులతో కుస్తీ పట్టేవాణ్ణే. ఎడమ చివర ముఖానికి గుడ్డ అడ్డుపెట్టుకుని ఏడ్చే ఆవిడ చెంప మీది కన్నీటి బొట్టు చూడండి. ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. నూనె రంగు నెమ్మదిగా ఆరుతుంది, పలచటి పొర మీద పొర వెయ్యొచ్చు. అందుకే ఆ తడి సాధ్యమైంది. మరియమ్మ బట్టల నీలం లాపిస్ లాజులీ రాయి నూరి చేసింది. ఆ రాయి అఫ్గానిస్థాన్ నుంచి రావాలి. ఎంత ఖర్చో ఊహించుకోండి.

నైట్‌డ్యూటీ_నర్సు:
నేను కిందటేడు చూశాను. బొమ్మల సంగతి నాకు తెలియదు. వార్డులో పోయినవాళ్లను మంచం మీద నుంచి మార్చడం మాత్రం రోజూ చేసే పని. చంకల కింద ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు, చేతికీ ఒంటికీ మధ్య దుప్పటి. అచ్చం అలాగే వేశాడు, తెల్లగుడ్డతో సహా. ఒక్కటే తేడా, మా నడుములు పట్టేస్తాయి, వాళ్లలో ఎవరికీ బరువు తెలుస్తున్నట్టు లేదు. పది మంది ఉన్నారు, ఎవరి చూపూ ఎవరి చూపుతోనూ కలవదు. అది మాత్రం నిజం. ఆ గదిలో మేమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోం.

తెనాలి_మాస్టారు:
అమ్మా, మీరు చెప్పాక మళ్లీ చూశాను. మూర్ఛ మాట పక్కన పెడతాను. ఆమె రెండో చెయ్యి నేల మీది పుర్రె వైపు జారింది చూశారా? అది మొదటి మనిషి ఆదాము పుర్రె అంటారు. యేసును సిలువ వేసిన గొల్గొతా అంటేనే కపాల స్థలం.

రంగులడబ్బా:
పైన మూలల్లో బుల్లి విల్లులు కనపడ్డాయా? బొమ్మ వేయించింది ఇప్పటి బెల్జియంలోని లూవెన్ ఊరి విలుకాళ్ల సంఘం, తమ ప్రార్థనాలయం కోసం. అది వాళ్ల ముద్ర. తర్వాత హంగేరీ రాణి మేరీ మనసుపడి, బదులుగా ఒక నకలూ, చర్చిలో వాయించే ఒక ఆర్గాన్ వాద్యమూ ఇచ్చి తీసుకుంది. ఆమె మేనల్లుడు, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ చేతికొచ్చి స్పెయిన్ చేరింది. దారిలో ఓడ మునిగినా ఇది తేలుతూ దొరికిందని 1604లో వాన్ మాండర్ అనే చిత్రకారుల చరిత్ర రాసినాయన రాశాడు. నిజమో కథో గానీ, ఓక్ చెక్క కదా, తేలుతుంది మరి! ప్రాడోకి వచ్చింది 1939లో.

దారితప్పిన_బాటసారి:
విల్లులా! అసలు పైకే చూడలేదండీ. రేపు పొద్దున్నే ఫ్లైటు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా టికెట్ లేకుండా వదులుతారట. ఇప్పుడే వచ్చి క్యూలో నిలబడ్డాను, ముందు ఒక వంద మంది ఉన్నారు.